బరువు లేని చోట కత్తి పట్టడం: అంతరిక్షంలో ఆపరేషన్ ఎందుకంత కష్టం?

దేవరకొండ అవతల ఏదో ఒక తండాలో అర్ధరాత్రి ఒకరికి బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందంటే, ఇంట్లో పెద్దవాళ్లు ముందు అనే మాట "ఇరవై నాలుగ్గంటల నొప్పేమో", అంటే అపెండిక్స్ వాపు. 108 వస్తుంది. దగ్గరి ఆసుపత్రిలో కాకపోతే నల్లగొండ, అక్కడా కాకపోతే హైదరాబాద్. దారి ఎంత బాగా లేకున్నా కొన్ని గంటల్లో ఎక్కడో ఒకచోట ఆపరేషన్ బల్ల దొరుకుతుంది. అదే నొప్పి అంగారకుడికి పోయే దారిలో, నాలుగో నెలలో మొదలైతే ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు ఊహ కాదు. 2026 జనవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒకరికి ఆరోగ్యం బాగాలేక, నలుగురు సభ్యుల బృందాన్ని గడువుకు ముందే భూమికి దించారు. పాతికేళ్లుగా మనుషులు ఉంటున్న ఆ కేంద్రం నుంచి వైద్య కారణంతో అలా దించడం అదే మొదటిసారి. దించగలిగారంటే, కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి. చంద్రుడి నుంచైతే మూడు రోజులు పడుతుంది. అంగారకుడి దారిలో వెనక్కి తిరగడమన్న మాటే ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ముందే చెప్పాలి. ఇప్పటిదాకా అంతరిక్షంలో ఏ మనిషికీ ఆపరేషన్ జరగలేదు. మనం వింటున్నవన్నీ జంతువుల మీదో, బొమ్మల మీదో, రబ్బరు ముక్కల మీదో చేసినవి, లేదంటే విమానంలో కొన్ని సెకన్ల పాటు చేసినవి.

బరువు పోతుంది, ఆకర్షణ పోదు

అంత ఎత్తున భూమ్యాకర్షణ ఉండదని అనుకుంటాం. 400 కిలోమీటర్ల ఎత్తులో అది నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. మరి వ్యోమగాములు తేలడమెందుకు?

పాలమూరు వైపు పాత మోటబాయి ఒకటి తలచుకోండి. నీళ్లు నిండిన బొక్కెన గిరక దగ్గరికి వచ్చాక తాడు తెగింది. బొక్కెన, అందులోని నీళ్లు ఒకే వేగంతో పడుతున్నాయి. పడినంతసేపూ నీళ్ల బరువు బొక్కెన అడుగు మీద పడదు. బాయి 20 మీటర్ల లోతుంటే ఆ స్థితి రెండు సెకన్లు ఉంటుంది. అంతరిక్ష కేంద్రం కూడా అలాగే పడుతూనే ఉంది. కాకపోతే సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పక్కకు దూసుకుపోతుండటంతో నేల దానికి అందదు. అందుకే లోపలున్న మనిషి, కత్తెర, రక్తపు చుక్క, అన్నీ ఆ బొక్కెనలోని నీళ్లలాంటివే.

భూమి మీద దీన్ని పరీక్షించాలంటే విమానాన్ని పైకెగరేసి, విసిరిన రాయి పోయినట్టు వంపుదారిలో వదులుతారు. ఒక్కో వంపుకు 20 నుంచి 22 సెకన్ల బరువులేమి దొరుకుతుంది. తర్వాత విమానం పైకి లేచేటప్పుడు శరీరం దాదాపు రెండింతల బరువెక్కుతుంది. పరిశోధకులు ఈ చిన్న చిన్న ముక్కల్లోనే పని చేసుకోవాలి.

థియేటర్లో భూమి చేసే పని

శస్త్రచికిత్స అనగానే కత్తి, కుట్లు, డాక్టర్ చేతులు గుర్తొస్తాయి. నిజానికి థియేటర్లో సగం పని బరువే చేసిపెడుతుంది. అది లేనప్పుడు గానీ ఆ సంగతి తెలియదు.

సెలైన్ సీసానే చూడండి. నల్లగొండ రైతుకు రెండు రకాల నీళ్లు తెలుసు: సాగర్ ఎడమ కాలువలో వాలును బట్టి తనంతట తాను పారేవి, పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి అక్కంపల్లికి ఎత్తిపోసేవి. ఆసుపత్రిలో స్టాండుకు వేలాడే సీసా మొదటి రకం. రోగి కన్నా మీటరు ఎత్తున ఉంటుంది, మందు దానంతటది దిగుతుంది. అంతరిక్షంలో ఎత్తు, పల్లం అనేవే ఉండవు. సీసాను ఎక్కడ కట్టినా చుక్క దిగదు. కాబట్టి ప్రతి చుక్కనూ ఎత్తిపోయాల్సిందే: పంపు కావాలి, దానికి కరెంటు కావాలి.

అంతటితో అయిపోదు. సీసాలో గాలి పైకి, మందు కిందికి ఉంటుందనే నమ్మకం మీదే మన డ్రిప్ సెట్టు తయారైంది. చుక్కలు పడే ఆ చిన్న గొట్టంలో గాలి పైన ఆగిపోతుంది, నరంలోకి పోదు. బరువు లేనప్పుడు గాలి బుడగలు మందులో ఎక్కడబడితే అక్కడ నురగలా ఉండిపోతాయి. అందుకని గాలి బొత్తిగా లేని, ముడుచుకుపోయే సంచులు వాడాలి. దారిలో బుడగలను పట్టే ఫిల్టర్ పెట్టాలి. సూదిలోకి మందు లాగడం కూడా ఇలాంటి తలనొప్పే. సీసాను తలకిందులు చేస్తే మందు మూతి దగ్గరికి రాదు.

సెలైన్ మోసుకెళ్లడమూ భారమే. లీటరంటే కిలో. పైగా దానికి గడువు తేదీ ఉంటుంది. 2010లో అంతరిక్ష కేంద్రంలో తాగే నీటిని శుద్ధి చేసి, లీటరుకు 9 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి సెలైన్ తయారు చేసే ప్రయోగం జరిగింది. పొడి ఉప్పు తీసుకెళ్లి నీళ్లు అక్కడివే వాడుకోవడం మంచి దారి.

సక్షన్ యంత్రంలోనూ ఇదే చిక్కు. గాయంలోని రక్తాన్ని పీల్చితే సీసాలో రక్తం అడుగుకు చేరుతుంది, పైనున్న గాలి మోటారు వైపు పోతుంది. బరువు లేనప్పుడు రక్తం, గాలి కలిసిన నురగ నేరుగా మోటారులోకే పోయి దాన్ని ఆపేస్తుంది. గిర్రున తిప్పి వేరుచేసే పరికరమో, గాలిని మాత్రమే పోనిచ్చే పొరో కావాలి.

రక్తనాళాలను కరెంటుతో కాల్చి మూసేటప్పుడు వచ్చే పొగ కూడా పైకి లేవదు. వేడి గాలి పైకి పోవడమన్నదే ఉండదు కాబట్టి గాయం చుట్టూ మబ్బులా నిలుస్తుంది. ఆ గాలినే అందరూ పీల్చాలి.

రక్తం ఎలా ప్రవర్తిస్తుంది

కోస్తే రక్తం గదంతా ఎగిరి తేలుతుందని సినిమాల్లో చూపిస్తారు. అది సగం నిజం. చేమాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలవడం చూశారుగా. బొట్టు పెద్దదైతే దాని బరువే దాన్ని చదును చేస్తుంది. బరువు లేకపోతే ఎంత పెద్ద బొట్టయినా గుండ్రంగానే ఉంటుంది. సిరల నుంచి నెమ్మదిగా కారే రక్తం గాయానికే అంటుకుని గుమ్మటంలా పెరుగుతుంది. విమానాల్లో జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది ఇదే.

ఆ గుమ్మటం ఒక విధంగా మేలే, రక్తం చెల్లాచెదురు కాదు. కానీ దాని కింద ఏ నాళం కారుతోందో కనిపించదు. గాజుగుడ్డతో గబుక్కున తుడవబోతే పగిలి చిన్న చిన్న ఉండలై గాలిలోకి వస్తుంది. అందుకని గుడ్డను అంచు నుంచి మెల్లగా ఆనించి పీల్చుకోనివ్వాలి. ధమని తెగితే కథ వేరు. గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్మే రక్తం తుంపరగా విడిపోయి, గోడో మనిషో తగిలేదాకా ఆగదు. కళ్లలో పడొచ్చు, గాలి తీసుకునే జాలీల్లో చేరొచ్చు.

కడుపు లోపలి రక్తస్రావాన్ని కనిపెట్టడం కూడా మారిపోతుంది. కింద ప్రమాద బాధితుడికి స్కానింగ్ చేసేటప్పుడు, పడుకున్న మనిషి కడుపులో పల్లంగా ఉండే చోట్ల రక్తం చేరిందా అని చూస్తారు. పల్లమే లేనప్పుడు అది ఎక్కడైనా ఉండొచ్చు. అక్కడక్కడా కాకుండా అన్ని మూలలా వెతకాలి.

కత్తి పెట్టకముందే మారిపోయిన శరీరం

అంతరిక్షంలో రోగి కింద ఉన్నప్పటి మనిషి కాదు. కాళ్లలోని ద్రవం, సుమారు రెండు లీటర్ల దాకా, ఛాతీ, తల వైపు జరుగుతుంది. నీళ్లు ఎక్కువయ్యాయని శరీరం అనుకుని వదిలించుకుంటుంది. కొద్ది రోజుల్లో రక్తంలోని ద్రవభాగం 10 నుంచి 15 శాతం తగ్గుతుంది, తర్వాత ఎర్రకణాలూ తగ్గుతాయి.

లెక్క వేద్దాం. 70 కిలోల మనిషిలో దాదాపు 5 లీటర్ల రక్తం. 10 శాతం తగ్గిందనుకుంటే అర లీటరు. నేల మీద ఆరోగ్యవంతుడు 750 మిల్లీలీటర్ల దాకా రక్తం పోయినా బీపీ పడిపోకుండా తట్టుకుంటాడు. అంతరిక్షంలో ఉన్న మనిషి ఆ నిల్వలో చాలా భాగం ముందే ఖర్చు చేసుకున్నాడు. తగ్గిన స్థాయికి శరీరం అలవాటు పడుతుంది కాబట్టి రెంటినీ నేరుగా కలిపి లెక్కగట్టలేం. కానీ మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోయే అవకాశం ఎక్కువన్నది మత్తు వైద్యుల ప్రధాన భయం.

ఎముకల సంగతి నల్లగొండ వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకను ఏం చేస్తాయో ఈ జిల్లా తరాలుగా చూసింది. అంతరిక్షంలో కారణం వేరు, బరువు మోసే పని లేక నడుము, తుంటి ఎముకలు నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం సాంద్రత కోల్పోతాయి. ఆ కాల్షియం మూత్రంలోకి పోతుంది. అందుకే కిడ్నీలో రాళ్లు అక్కడ నిజమైన ముప్పు. బయటి నుంచి శబ్ద తరంగాలతో రాయిని కదిలించే, పగలగొట్టే చిన్న పరికరాల మీద పరిశోధనకు నాసా డబ్బు పెడుతున్నది ఇందుకే.

మత్తు ఎక్కడ ఇవ్వాలి?

సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే సూది మనకు బాగా తెలిసినదే. అందులో సుమారు 2 మిల్లీలీటర్ల మందు ఉంటుంది. మందులో కావాలనే చక్కెర కలుపుతారు, వెన్నులోని ద్రవం కన్నా బరువుగా ఉండటానికి. రోగిని పడుకోబెట్టి, బల్లను అటూ ఇటూ వంచి, మత్తు ఏ ఎత్తు దాకా పాకాలో డాక్టర్ నిర్ణయిస్తారు. బరువు లేని చోట "బరువైన మందు"కు అర్థమే లేదు. అది ఎటు పాకుతుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఛాతీ దాకా పోతే ఊపిరికే ఇబ్బంది.

ముక్కు ద్వారా ఇచ్చే మత్తు వాయువుకు ఇంకో అడ్డంకి. కొంచెం లీకయినా మూసిన గదిలో తోటివాళ్లంతా పీలుస్తారు, గాలిని శుద్ధి చేసే యంత్రాల్లోనూ చేరుతుంది. కాబట్టి మిగిలేవి రెండు: ఆ భాగం వరకే తిమ్మిరెక్కించే సూది, నరంలోకి ఇచ్చే మందులు. వాటిలో కెటమైన్‌కు ఎక్కువమంది మొగ్గు. ఊపిరిని, బీపీని పెద్దగా పడగొట్టదు, దాన్ని వాడటం నేర్చుకోవడం కూడా తేలిక.

గొంతులో గొట్టం వేయడానికి రోగినీ వేసేవాళ్లనూ కట్టేయాలి. లేకపోతే పరికరాన్ని ఎత్తగానే రోగి తల అటు, మన శరీరం ఇటు పోతాయి. కడుపులోని పులుపు కూడా అడుగున ఉండదు, పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది.

ఇప్పటిదాకా చేసి చూసినవి

1998లో కొలంబియా నౌకలో సాగిన న్యూరోల్యాబ్ యాత్రలో ఎలుకలకు ఆపరేషన్ చేసి, అవి మళ్లీ కోలుకునేలా చూశారు. బరువులేమిలో అలా చేయడం అదే మొదలు. కుట్లు వేయడం, కత్తి తిప్పడం చేతులకు కష్టం కాలేదని, పరికరాలను ఒకచోట నిలబెట్టుకోవడమే పెద్ద పనని అప్పుడే తేలింది.

2006 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి లేచిన ఎయిర్‌బస్ విమానంలో డొమినిక్ మార్టిన్ బృందం ఒక మనిషి ముంజేతి మీది కొవ్వుగడ్డను తీసింది. తిమ్మిరి సూది ఇచ్చి, పరికరాలు అయస్కాంతాలతో పట్టి ఉంచి, బరువులేమి దొరికిన సెకన్లలో మాత్రమే కత్తి కదిపారు. మనిషి మీద బరువులేమిలో జరిగిన తొలి ఆపరేషన్ అది. కానీ అంతరిక్షంలో కాదు, చర్మం కింది చిన్న గడ్డ, నేల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దాన్నుంచి పొట్ట కోయడం గురించి ఎక్కువ ఊహించకూడదు.

పొట్ట విషయంలో పందుల మీద 1990ల నుంచి విమానాల్లో జరిగిన ప్రయోగాలే ఆధారం. పొట్టను పూర్తిగా తెరిస్తే పేగులు పైకి తేలి బయటికొస్తాయి. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీలో పొట్ట గోడే మూతలా పనిచేస్తుంది. రక్తం, పేగులు లోపలే ఉంటాయి. కాకపోతే నేల మీద అపెండిక్స్ తీసేటప్పుడు తలవైపు దించి, ఎడమకు వంచితే పేగులు వాటంతటవే పక్కకు జారతాయి. ఇక్కడ బల్లను ఎటు వంచినా ఏమీ జారదు. ఇంకో పరికరంతో పట్టుకుని పక్కకు నెట్టాల్సిందే.

బయటి గాయాలకు ఇంకో ఆలోచన ఉంది. గాయం మీద పారదర్శకమైన గుమ్మటం అంటించి, దాన్ని ఉప్పునీటితో నింపి, లోపల పనిచేయడం. నీటి ఒత్తిడి పెంచితే సిరల రక్తస్రావం తగ్గుతుంది, మురికి నీళ్లను ఎప్పటికప్పుడు మార్చొచ్చు. కార్నెగీ మెలన్, లూయివిల్ విశ్వవిద్యాలయాలవాళ్లు దీన్ని పరీక్షించారు. చూపు మసకబారకుండా నీళ్లు ఎంత వేగంగా మార్చాలన్నదే ఇక్కడ అసలు సమస్య.

రోబో చేస్తుందంటే ఎంతవరకు నిజం?

2024 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కా నుంచి డాక్టర్లు అంతరిక్ష కేంద్రంలోని మీరా అనే కిలో లోపు బరువున్న రోబోతో రబ్బరు బ్యాండ్లను కత్తిరించారు. వార్తల్లో "అంతరిక్షంలో తొలి శస్త్రచికిత్స" అని వచ్చింది. అది శస్త్రచికిత్స అభ్యాసం మాత్రమే.

అక్కడ అసలు చిక్కు ఆలస్యం. కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, సంకేతం 36,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం మీదుగా పోతుంది. ఎక్కి దిగడానికి సుమారు 72,000 కిలోమీటర్లు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 0.24 సెకను. చెయ్యి కదిపి దాని బొమ్మ తిరిగి చూడటానికి దాదాపు అర సెకను. యంత్రాలు తీసుకునే సమయం అదనం. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ నుంచి ఫ్రాన్స్‌లోని రోగికి పిత్తాశయం తీసినప్పుడు ఆలస్యం 155 మిల్లీసెకన్లే.

అర సెకనుకు మెల్లగా కదిపి, ఆగి, చూసి, మళ్లీ కదపడం అలవాటు చేసుకోవచ్చు. చంద్రుడికైతే రానూపోనూ రెండున్నర సెకన్లు. అంగారకుడు దగ్గరున్నప్పుడు ఒకవైపే 3 నిమిషాలు, దూరమైనప్పుడు 22 నిమిషాలు. "రక్తం ఆగిందా?" అని అడిగితే జవాబు రావడానికి ముప్పావుగంట. అంత దూరాన కింది నుంచి నడిపే రోబోకు చోటే లేదు. రోబోను సమర్థించేవాళ్లు కూడా దీన్ని ఒప్పుకుంటారు. వాళ్లు చూస్తున్నది తనంతట తాను కొన్ని పనులు చేసే యంత్రం వైపు. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఇంకా తేలాలి.

ఇంత సిద్ధం కావాలా, వద్దా?

ఇక్కడే నిపుణులు రెండు దారులు. అంతరిక్ష వైద్యంలో తరచూ వాడే అంచనా ప్రకారం ఒక మనిషికి ఏడాదికి పెద్ద వైద్య అత్యవసరం వచ్చే అవకాశం 0.06. ఆరుగురు రెండున్నరేళ్ల అంగారక యాత్ర చేస్తే 15 మనిషి-సంవత్సరాలు. 15ను 0.06తో గుణిస్తే 0.9. అంటే యాత్రకు ఇంచుమించు ఒకటి. అందులో ఆపరేషన్ కావాల్సినవి కొన్నే. అపెండిక్స్‌నే తీసుకుంటే, ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి వస్తుందనుకుందాం. 15 మనిషి-సంవత్సరాలకు 1.5 శాతం.

ఈ 1.5 శాతానికి థియేటర్ మొత్తం మోయడమెందుకు, ఆ బరువుతో ఆహారమో విడిభాగాలో తీసుకెళ్లొచ్చు కదా అన్నది ఒక వాదం. అపెండిక్స్‌కు యాంటీబయాటిక్స్‌తో మొదట లొంగే కేసులు చాలా ఉన్నాయి. చీముకు స్కానింగ్ చూస్తూ సూదిగొట్టం వేయొచ్చు. ఈ వాదానికి బలం 2020లో వెలుగులోకి వచ్చిన ఒక కేసు. కేంద్రంలో రెండు నెలలుగా ఉన్న వ్యోమగామి మెడ సిరలో గడ్డకట్టిన రక్తం స్కానింగ్‌లో కనిపించింది. కింది డాక్టర్ల సూచనలతో, ఉన్న ఇంజెక్షన్లనే మోతాదు తగ్గించి పొదుపుగా వాడుతూ, సరుకుల నౌకలో మాత్రలు వచ్చేదాకా నెట్టుకొచ్చారు. కత్తి అవసరం పడలేదు.

రెండో వాదం: యాంటీబయాటిక్స్‌తో తగ్గినవాళ్లలో కొందరికి నెలల తర్వాత మళ్లీ వస్తుంది. సరుకుల నౌక రాని చోట ఆ "మళ్లీ" ప్రాణాంతకం. గాయమైతే మందులతో ఆగదు. ఈ పక్షం వాళ్లు అంటార్కిటికాను చూపిస్తారు. 1961 ఏప్రిల్ 30న అక్కడి నొవొలజరెవ్‌స్కయా కేంద్రంలో డాక్టర్ లియొనీద్ రొగోజొవ్ తన అపెండిక్స్‌ను తానే తీసుకున్నారు. తిమ్మిరి సూది ఇచ్చుకుని, సహచరులు అద్దం, దీపం పట్టుకోగా దాదాపు గంటా నలభై ఐదు నిమిషాలు పట్టింది. అద్దంలో తిరగబడి కనిపించి తికమకపెట్టడంతో ఎక్కువగా వేళ్ల తడుముడు మీదే ఆధారపడ్డారు. చేసింది శిక్షణ పొందిన డాక్టర్ కాబట్టి బతికారు. కేంద్రంలో వైద్య బాధ్యత తీసుకునే వ్యోమగామికి ఇప్పుడు ఇచ్చే శిక్షణ కొన్ని పదుల గంటలే.

బయల్దేరే ముందే అపెండిక్స్ తీసేస్తే? ఆస్ట్రేలియా అంటార్కిటికా కేంద్రాల్లో చలికాలమంతా ఉండే డాక్టర్‌కు ఆ నిబంధన ఉంది. అంతరిక్షానికి కూడా అదే చేయాలని కొందరంటారు. ఆరోగ్యంగా ఉన్న పొట్టను తెరిస్తే లోపల పేగులు అతుక్కుని తర్వాత మెలిపడే ప్రమాదం కొంత ఉంటుందని మరికొందరి అభ్యంతరం. 1.5 శాతం ముప్పును తీసి, దాని స్థానంలో ఇంకో చిన్న ముప్పును పెట్టడమే అవుతుందా అన్నది ఇంకా తెగలేదు. నా మట్టుకు, భూమికి తిరిగి రాలేని యాత్రల విషయంలో తీసేయడం వైపే వాదన బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే రెండో ముప్పు వచ్చేదైతే అది ప్రయాణానికి ముందు కిందే బయటపడే అవకాశం కొంతైనా ఉంటుంది.

ఏ దారి పట్టినా ఒక సరుకుకు మాత్రం ఇప్పటికీ సరైన ఏర్పాటు లేదు. నిల్వ చేసిన రక్తం చల్లగా ఉంచినా 42 రోజులకు మించి పనికిరాదు. రెండున్నరేళ్ల యాత్రకు తీసుకెళ్లలేం. తోటివాళ్లే అప్పటికప్పుడు ఇవ్వాలి. ఆరుగురిలో గ్రూపు కలిసేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఒక్కొక్కరు మన రక్తదాన శిబిరాల్లో ఇచ్చినట్టు 350 మిల్లీలీటర్లు ఇచ్చినా లీటరు దాటడం కష్టం. పైగా ఇచ్చేవాళ్ల ఒంట్లో కూడా అప్పటికే అర లీటరు తక్కువ. అదే రోజు కత్తి పట్టాల్సిందీ, మత్తు చూసుకోవాల్సిందీ, నౌక నడపాల్సిందీ వాళ్లే.